అక్క చించేసిన టపా

“గట్టిగా లాగమాకే! లోపల చిరిగిందంటే బాగుచేసే అతను మళ్ళీ బెజవాడ నుంచి రావాలి!” అని అక్క అరుస్తూనే ఉంది. నేను లాగనే లాగాను. సగం కాగితం నా చేతిలోకి వచ్చింది. మిగతా సగం ప్రింటరు నోట్లో ఉండిపోయింది.

నా చేతిలో ఉన్న సగంలో ‘హాయ్ ఫ్రెండ్స్!!! ఈ రోజు మా బందర్లో ఏం వానండీ బాబూ!!!’ అని ఉంది. ఆ వానలో నేను ఏమయ్యానో తెలియాలంటే ప్రింటరు పొట్ట కోయాలి.

“వాన అన్నావు సరే. ఆ ఆశ్చర్యార్థకాలు అన్నేంటే?” అంది అక్క, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని.

“అంత వాన పడిందక్కా మరి.”

“ఇంకు ఎవరిదనుకున్నావు?”

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. బందర్లో కోనేరు సెంటరుకి దగ్గర్లో ఓ సందులో నెట్ సెంటరు నడుపుతుంది. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక గదిలో డి.టి.పి. పని. శుభలేఖలు, ఓణీల ఫంక్షను కార్డులు, పెద్దకర్మ కార్డులు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, అన్నీ ఆ వెనక గదిలోనే కంపోజ్ అవుతాయి. నేను ఇంటర్ తప్పాక మా అమ్మ నన్ను అక్కడ పనిలో పెట్టింది. “ఇంట్లో కూచుని నా బుర్ర తినే బదులు ఎళ్ళి ఆ కంప్యూటరు బుర్ర తిను” అని పంపించింది.

మధ్యాహ్నాలు సెంటరుకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. తెలుగు టైపింగు చేతికి రావాలంటే ఏదో ఒకటి కొడుతూ ఉండమంది అక్క. ఏదో ఒకటి అంటే నా దగ్గర మాటలు తప్ప ఏమున్నాయి? అవే కొట్టాను. ఒకరోజు అక్క నా వెనక నిలబడి చదివి, పడీపడీ నవ్వి, బ్లాగు అని ఒకటి ఉంటుందని, అందులో పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో చదువుతారని చెప్పింది. నాకు మెయిల్ లేదు కాబట్టి తన మెయిల్‌తోనే తెరిచి పెట్టింది. బ్లాగులో రాసే ఒక్కో ముక్కని టపా అంటారని కూడా అక్కడే నేర్చుకున్నాను. పెళ్ళి కుదిరేదాకా టపాలు కొడుతూనే ఉన్నాను. పెళ్ళయి గుడివాడ వెళ్ళాక ఆ వైపు చూడనే లేదు. ఇంట్లో కంప్యూటరు లేదు, కొత్త కాపురం, కొత్త మాటలు. అవన్నీ మా ఆయనకే చెప్పేసేదాన్ని, ఇక టపాలకేం మిగులుతాయి?

ఆ వారం మొదట్లో అక్క ఫోన్ చేసింది. “ఒసేయ్, నీ బ్లాగు పెట్టిన సైటుని మూసేస్తున్నారంట. నా మెయిల్‌కి ఒచ్చింది. ఈ నెలాఖరు దాకానే. ఒచ్చి తీసుకెళ్తావా, పోతే పోనీ అంటావా?”

“పోనీ అంటానా! నేనే ఒస్తా, ఏం ముట్టుకోమాకు” అన్నాను.

మా ఆయన అన్నం తింటూ విని, “తెచ్చుకోవడానికి అయ్యేమన్నా పుట్టింటి బిందెలా?” అన్నాడు. అన్నాడు గానీ, మర్నాడు పొద్దున్నే బస్టాండుకి వచ్చి కిటికీ పక్క సీట్లో చేతిరుమాలు వేసి మరీ నన్ను ఎక్కించాడు.

నిజం చెప్పాలంటే ఆ టపాలన్నిటిలో నాకు కావలసింది ఒక్కటే. మా పెద్దమ్మ గురించి రాసింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. హంసలదీవి దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న పల్లెలో ఉండేది. పెదనాన్న చేపల వేటకి వెళ్తాడు. పెద్దమ్మ ఎండుచేపలు గంపకెత్తుకుని బస్సెక్కి ఘంటసాల చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకొచ్చేది. నా సెలవులన్నీ వాళ్ళింట్లోనే. నిరుడు ఆవిడ పోయింది. పెద్దకర్మ అయ్యి బందరు తిరిగొచ్చిన రోజే సెంటరులో కూర్చుని టపా కొట్టాను. ఏడుస్తూ కొట్టాను గానీ నవ్వొచ్చే సంగతులే ఎక్కువ రాశాను, ఆవిడ అలాంటి మనిషి. తర్వాత ఒకసారి పల్లెకి వెళ్ళినప్పుడు పెదనాన్నకి గొప్పగా చెప్పాను, పెద్దమ్మ గురించి రాశాను, దేశం మీద జనం చదివారు అని. పెదనాన్నకి చదువు రాదు. “నాకూ చదివి ఇనిపించు” అన్నాడు. కాగితం మీద అచ్చు తీసుకొచ్చి వినిపిస్తానని మాటిచ్చాను. ఈలోపు నా పెళ్ళి కుదిరింది. ఆ హడావిడిలో అది వెనకబడిపోయింది. పెదనాన్న మాత్రం మరిచిపోలేదు. ఎవరి సెల్లు నుంచో ఫోన్ చేసినప్పుడల్లా, బాగున్నావా, అబ్బాయి బాగున్నాడా అని అడిగాక, చివర్లో మెల్లగా, “ఆ కాయితం తెస్తానన్నావమ్మడూ” అనేవాడు. ఆయన నన్ను ఇంకేమీ అడిగిన మనిషి కాదు. ఎల్లుండి తెస్తున్నాను అని ముందురోజు రాత్రే, ఆయన ఆఖరుసారి చేసిన సెల్లుకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

అందుకని ఆ పూట నాకు ప్రింటరు మీద అంత తొందర.

ఇరుక్కున్న సగాన్ని అక్క చిమటాతో ముక్కలుముక్కలుగా తీసింది. మళ్ళీ మొదలుపెట్టాం. ఒక్కో టపా తెరవడం, అందులోది తీసి అక్క ఫైల్లో వెయ్యడం, అచ్చు తియ్యడం. నేను కింద చాప వేసుక్కూర్చుని వేడివేడి కాగితాలు వరసలో పెడుతూ చదువుకుంటున్నాను. అన్నేళ్ళ నాటి నా మాటలు నాకే ఎవరో పక్కింటమ్మాయి వాగుడులా వినిపించాయి. ఆగడం తెలియదు పిల్లకి. ఒక వాక్యంలో బయలుదేరితే రైల్వే స్టేషను దాకా వెళ్ళి వస్తుంది.

ఇంటర్ ఎలా తప్పాలో కొత్తవాళ్ళకి సలహాలిస్తూ ఒకటి రాశాను. మా నాన్న రోల్డుగోల్డు పనిలో దేశానికంతా నగలు చేసి పంపిస్తాడు, మా అమ్మ మాత్రం పసుపుతాడు కట్టుకుంటుంది అని ఒకటి. మా అమ్మకి అది చదివి వినిపిస్తే, “ఆ పసుపుతాడు సంగతి ఊరందరికీ ఎందుకే?” అని మూతి ముడుచుకుని, మర్నాడు నాన్నతో పోట్లాడి గొలుసు చేయించుకుంది. అది కూడా రోల్డుగోల్డే. ఇంకొకటి గుడివాడ మీద. ఏదో పెళ్ళికెళ్ళి వచ్చి, ‘ఆ ఊళ్ళో దోమలు మనిషిని లేపుకుపోతాయి, అక్కడి కుర్రాళ్ళని ఎవరు చేసుకుంటారో పాపం’ అని రాశాను.

అక్క అది చూసి, “ఇది మీ ఆయనకి చూపిస్తావా?” అంది.

“చూపిస్తా. దోమతెర కొనమంటే ఇంతవరకూ కొనలేదు.”

ఇద్దరం నవ్వుకున్నాం. చదవడం అయ్యేసరికి కాగితాలు మందంగా పుస్తకంలా వచ్చాయి. అక్క వాటికి దారం కుట్టడానికి దబ్బనం వెతుకుతోంది. నేను కట్టంతా మరోసారి తిరగేశాను. పెద్దమ్మ లేదు.

“అక్కా, పెద్దమ్మది రాలేదు.”

అక్క దబ్బనం వెతుకుతూనే ఉంది.

“అక్కా, నిన్నే. పెద్దమ్మ టపా మిస్సయింది. మళ్ళీ ఒకసారి తెరువు.”

“అందులో లేదే” అంది.

“లేకపోవడమేంటి? నేను రాశా కదా. నువ్వే కదా చదివి కళ్ళు తుడుచుకున్నావు.”

అక్క కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. “తీసేశానే. నీ శుభలేఖ కంపోజ్ చేసిన రోజున.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కట్టని చాప మీద పడేశాను. అక్క గబగబా చెప్పుకుపోయింది.

“మీ పెళ్ళోరి అబ్బాయి నీ బ్లాగు చూస్తానన్నాడని మీ అమ్మ చెప్పింది. తెరవగానే పైనే అది ఉంది. శుభమా అని పెళ్ళి కుదిరితే తలుపు తియ్యగానే చావు కబురు కనిపించాలా? ఈ చేత్తోనే నీ కార్డు మీద శ్రీరస్తు శుభమస్తు కొట్టా. ఆ పక్కనే అది అట్టా ఉంటే నాకు మనసొప్పలా. అయినా చదవాల్సినోళ్ళందరూ చదివేశారు కదే. చావు ఉత్తరం ఎవరన్నా ఇంట్లో దాచుకుంటారా? చదివి గుమ్మం బయటే చించేస్తాం. నేనూ అదే చేశా.”

“అది చావు ఉత్తరమా! అది మా పెద్దమ్మ!” అని అరిచాను. ముందు గదిలో ఎవరో కుర్రాళ్ళు పరీక్ష రిజల్టు చూసుకుంటున్నారు, వాళ్ళు తొంగి చూశారు. “నన్ను ఒక్క మాట అడగొచ్చుగా! దాచి పెట్టొచ్చుగా! పెదనాన్నకి రేపు ఏం చదివి వినిపించను? నీ శ్రీరస్తు శుభమస్తు చదవనా?”

అక్క తప్పు చేశాను అని అనలేదు. మట్టికుండలో నీళ్ళు ముంచి నా ముందు పెట్టింది. నేను తాగలేదు. కాసేపయ్యాక తాగాను. నా కోపం అంతే, పొంగు మీద నీళ్ళు చల్లినట్టు దిగిపోతుంది.

దిగాక గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక కార్డు వచ్చింది. మా అమ్మ దాన్ని గుమ్మం బయటే నిలబడి, పక్కింటాయన చేత చదివించుకుంది. అక్కడే చింపి కాలవలో వేసి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, అప్పుడు ఏడ్చింది. ఎవరు పోయారో నాకు గుర్తులేదు. కాగితం నీళ్ళ మీద పోవడం గుర్తుంది. అక్క ఎన్ని పెద్దకర్మ కార్డులు కంపోజ్ చేసిందో. శుభలేఖల కట్టలు బల్ల మీద పెట్టేది, ఆ కార్డుల కట్టలు మాత్రం బయట మెట్టు మీదే ఉంచేది. ఎవరూ నేర్పలేదు, అందరం అంతే.

“కంప్యూటర్లో ఎక్కడన్నా మిగిలి ఉంటుందేమో చూడక్కా” అన్నాను.

చూసింది. పాత ఫైళ్ళు, పాత సీడీలు అన్నీ చూసింది. లేదు. నేను సరాసరి బ్లాగులోనే కొట్టేసేదాన్ని, ఇంకెక్కడుంటుంది? చివరికి మెయిల్ తెరిచింది. బ్లాగులో ఎవరన్నా కామెంటు పెడితే అది అక్క మెయిల్‌కి కూడా వచ్చేది. అక్క ఉత్తరాలు చించుతుంది గానీ మెయిల్స్ ఎప్పుడూ తుడవదు, ఎలా తుడవాలో చూసే ఓపిక లేక. కిందికి జరుపుతూ జరుపుతూ వెళ్తే వచ్చాయి. టపా లేదు. టపా చదివిన వాళ్ళు రాసినవి ఉన్నాయి.

నేను లేచి అక్క భుజం మీదుగా వంగి చదివాను. మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి.

“ఇయ్యి అచ్చు తియ్యనా?” అంది అక్క, గొంతు తగ్గించి.

“తియ్యి.”

తీసింది. ఈసారి కాగితం ఇరుక్కోలేదు. ఆ కాగితాన్ని మాత్రం కట్టలో కలిపి కుట్టొద్దని చెప్పి, విడిగా మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. అక్క కట్టకి దారం కుట్టి ఇస్తూ, “రేపు నన్ను కూడా రమ్మంటావా? మీ పెదనాన్నకి నేనే చెప్తా” అంది. వద్దన్నాను. ఆ రాత్రి బందర్లో అమ్మ దగ్గరే పడుకుని, తెల్లారగానే అవనిగడ్డ బస్సెక్కాను.

దారిలో చల్లపల్లి దగ్గర గంపతో ఒకావిడ ఎక్కబోతే కండక్టరు వాసన అని గంపని పైన వేయించాడు. మా పెద్దమ్మ గంప కూడా పైనే ప్రయాణం చేసేది. అవనిగడ్డలో బస్సు మారి, కోడూరులో దిగి ఆటోలో పల్లెకి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. సముద్రం పాటు మీద ఉంది, నీళ్ళు బాగా లోపలికి వెళ్ళి ఒడ్డంతా తడి బురద మెరుస్తోంది. పెదనాన్న ఇంటి ముందు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి వల పక్కన పెట్టాడు.

“కాయితం తెచ్చావా?”

మంచినీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని అనుకున్నవేవీ చెప్పలేదు. “అది లేదు పెదనాన్నా. మా సెంటరు అక్క తీసేసింది. నా పెళ్ళికి ముందు. చావు కబురు పెళ్ళి కబురు పక్కన ఉండకూడదని చించేసిందంట.”

పెదనాన్న తల ఊపాడు. “మంచి పనే చేసింది.”

“మంచి పనా!”

“మరి? నువ్వు తెస్తే మాత్రం నేనేం చేద్దును? ఒకసారి ఇని చించేద్దామనే కదా అడుగుతున్నా. ఏడాది నుంచీ అది చించకుండా ఉందే, ఉందే అని నాకు ఇదిగా ఉంది.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాది పాటు ఆయన అడిగింది దాచుకోవడానికి అనుకున్నాను. అక్క మీద అంత అరిచాను కూడా.

“ఇనాలనయితే ఉందిలే” అన్నాడు మళ్ళీ, వల వైపు చూస్తూ. “ఏం రాశావో.”

“చదివినవాళ్ళు రాసింది ఉంది. అది తెచ్చా.”

“వాళ్ళెవరు?”

“తెలీదు. ఎప్పుడూ చూడలేదు.”

“చూడకుండానే పలకరించారా? చదువు.”

గట్టిగా చదివాను. నిజామాబాద్ నుంచి ఒకావిడ రాసింది, ‘మా చిన్నప్పుడు మా ఊరికి కూడా ఇలాగే ఒకామె గంపతో వచ్చేది. ఆమె పేరు ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగాలనిపిస్తోంది’ అని. పెదనాన్న “ఆఁ” అన్నాడు. పరామర్శకి వచ్చిన వాళ్ళు మాట చెప్పినప్పుడు ఇంటివాళ్ళు అంటారే, అలాంటి ఆఁ. ఇంకొకరు పేరు పెట్టకుండా, ‘ఆ తల్లికి దండం’ అని మాత్రం రాశారు. దానికి పెదనాన్న తనూ చేతులు జోడించాడు.

కువైట్‌లో డ్రైవరు పని చేసే ఒకాయన, ‘కార్తీకమాసంలో ఎవరూ చేపలు కొనరని తెలిసి కూడా ఖాళీ గంపతో ఊళ్ళోకి వెళ్ళేదని, ఎందుకంటే చేపలు మానేశారు గానీ మాటలు మానేశారా అనేదని రాశారు. మా రూములో అందరికీ చదివాను. ఇంకోసారి చదవమన్నారు’ అని రాశాడు.

“ఖాళీ గంపా?” అన్నాడు పెదనాన్న. “ఎవరన్నారు?”

“నేనే రాశా.”

“ఖాళీ ఎందుకయిద్దే! అడుగున గవ్వలేసుకెళ్ళేది. ముందురోజు ఈ ఒడ్డంతా తిరిగి ఏరేది. ఆ ఇళ్ళల్లో పిల్లకాయలకి. చేపల నెలల్లో వాసన అని దగ్గరికి రారంట, కార్తీకంలో గంప చుట్టూ మూగుతారంట. నీకు తెలవదా?”

నాకు తెలియదు. సెలవులకే కదా నేను వెళ్ళేది. కార్తీకంలో ఎప్పుడూ అక్కడ లేను.

చివరిది ఎవరో పెద్దమనిషి రాసింది. ‘తొందరలో రాసినట్టున్నారు, అయినా బాగుంది. మీ పెదనాన్నగారు ఎలా ఉన్నారు?’ అని.

పెదనాన్న నా వైపు తిరిగాడు. “ఇది ఎప్పుడు అడిగాడు?”

“నిరుడే.”

“నిరుడు అడిగితే ఇంతవరకూ జవాబు చెప్పలేదా? బాగుందే నీ మర్యాద! ఇంటికొచ్చి పలకరించినోళ్ళకి మారుమాట చెప్పకుండా పంపించేస్తావా?” నిజంగానే కోప్పడ్డాడు. “ఇప్పుడు చెప్పే ఈలుందా?”

“నెలాఖరు దాకా ఉంది.”

“అయితే చెప్పు.”

పల్లెలో సెల్లు సరిగ్గా పలకదు. ఒడ్డున లాగి పెట్టిన పడవ మీదికి ఎక్కితే సిగ్నలు వస్తుందని పెదనాన్నే చూపించాడు. చెప్పులు విడిచి ఎక్కాను. అక్కకి ఫోన్ కలిసింది. నేను హలో అనకముందే, “ఏమన్నాడే మీ పెదనాన్న? తిట్టాడా?” అంది.

“మంచి పని చేశావన్నాడు. తర్వాత చెప్తా. బ్లాగు తెరిచి కొత్త టపా పెట్టు. నేను చెప్తా, నువ్వు కొట్టు.”

“ఎక్కడ పెట్టను?”

“అన్నిటికన్నా పైన.”

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. “చెప్పు” అంది.

గాలికి వినపడదేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో మాటా విడదీసి చెప్పాను. నిరుడు మా పెద్దమ్మ కోసం వచ్చి పలకరించిన అందరికీ. మీరు వచ్చిన సంగతి మా పెదనాన్నకి ఈ రోజే చెప్పాను. ఆయన బాగానే ఉన్నారు, వేటకి వెళ్తున్నారు. నేను ఒకటి తప్పు రాశాను. గంప ఖాళీ కాదు.

“ఆగవే, గంప దగ్గరున్నా” అంది అక్క.

పెదనాన్న కింద నిలబడి తల పైకెత్తి వింటున్నాడు. అక్క కొట్టే చప్పుడు ఆగేదాకా ఉండి, గవ్వల సంగతి చెప్పడం మొదలుపెట్టాను.